స్విచ్ మనది, జాబితా ఎవరిది?

కంప్యూటర్ ఆన్ చేయగానే మనం పిలవని ప్రోగ్రాములు ఒకదాని వెనక ఒకటి లేచి కూర్చుంటాయి. వాటిని ఎక్కడ ఆపాలో తెలియక సెట్టింగులన్నీ వెతుక్కోవడం అందరికీ మామూలైపోయింది. దీన్ని మనం స్పీడు సమస్యగానే చూస్తాం. సిస్టం స్లో అయింది, స్టార్టప్‌లో ఉన్నవి తీసెయ్, అయినా కదలకపోతే ఫార్మాట్ కొట్టించు. వైద్యం అక్కడితో సరి. కానీ పర్సనల్ కంప్యూటర్ నలభై ఏళ్ల చరిత్రను ఈ ఒక్క కిటికీలోంచి చూస్తే స్పీడు కంటే పెద్ద సంగతి ఒకటి బయటపడుతుంది. మెషీన్ లేవగానే ఏమేం నడవాలో చెప్పే జాబితా మొదట్లో యజమాని రాసుకునేదే. పదిహేనేళ్లు తిరక్కుండానే ఆ కలం సాఫ్ట్‌వేర్ కంపెనీల చేతికి పోయింది. రాసే అధికారం వాళ్లది, కొట్టివేసే అవకాశం మనది అన్న ఏర్పాటు స్థిరపడింది. ఆ తర్వాత వచ్చిన పనిముట్లన్నీ కొట్టివేతను తేలిక చేస్తూ వచ్చాయి. కలం మాత్రం చాలాకాలం ఎవరూ తిరిగి అడగలేదు.

1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చింది. దాని మీద నడిచే డాస్, లేచిన వెంటనే డిస్కులో ఆటోఎగ్జెక్.బ్యాట్ అనే ఫైలు ఉందేమోనని చూసేది. ఉంటే అందులోని పంక్తుల్ని పైనుంచి కిందికి వరసగా అమలు చేసేది. 1983లో డాస్ 2.0తో కాన్ఫిగ్.సిస్ అనే ఇంకో ఫైలు దానికి తోడైంది. డ్రైవర్ల సంగతి అందులో రాసేవారు. రెండూ మామూలు టెక్స్ట్ ఫైళ్లే. ఎడిటర్‌లో తెరిస్తే పది పదిహేను పంక్తులు ఉండేవి. ప్రోగ్రాముల్ని ఏ డైరెక్టరీల్లో వెతకాలో చెప్పే పాత్ పంక్తి, ప్రాంప్ట్ ఎలా కనబడాలో చెప్పే పంక్తి, మౌస్ డ్రైవరు, ఆ కింద నచ్చిన ప్రోగ్రాం పేరు. ఏదైనా వద్దనుకుంటే ఆ పంక్తి మొదట్లో రెమ్ అని కొడితే చాలు, డాస్ దాన్ని వ్యాఖ్యగా భావించి దాటిపోయేది. పంక్తి చెరిగిపోదు, ఉన్నచోటే ఉంటుంది. మళ్లీ కావాలంటే ఆ రెమ్‌ను తీసేయడమే. ఈ ఏర్పాటులోని గొప్పతనం దాని సరళతలో కంటే నిండుతనంలో ఉంది. ఆ రెండు ఫైళ్లూ చదివినవాడికి తన మెషీన్ లేవగానే ఏం చేస్తుందో దాదాపు అంతా తెలిసినట్టే. బూట్ సెక్టార్ అనే చీకటి మూల ఒకటి ఉంది గానీ దాని దగ్గరికి తర్వాత వద్దాం.

డాస్ ఒక్కసారి ఒక్క ప్రోగ్రామునే నడిపేది. ఆ నియమానికి గండి కొట్టి పేరు తెచ్చుకున్నది 1984లో బోర్లాండ్ కంపెనీ తెచ్చిన సైడ్‌కిక్. అది ఒకసారి నడిచి, పని ముగించినట్టు నటించి ప్రాంప్ట్‌ను తిరిగి ఇచ్చేసేది గానీ మెమరీలోంచి కదిలేది కాదు. వర్డ్ ప్రాసెసర్‌లో పని చేస్తూ కంట్రోల్, ఆల్ట్ మీటలు కలిపి నొక్కితే తెర మీదికి క్యాలిక్యులేటరు, నోట్‌ప్యాడు, క్యాలెండరు వచ్చేవి. జనానికి తెగ నచ్చింది. దాన్ని చూసి పదులకొద్దీ ప్రోగ్రాములు అదే బాట పట్టాయి. అన్నిటికీ కీబోర్డు ఇంటరప్టే కావాలి కాబట్టి ఏది ముందు లోడ్ కావాలి, ఏది చివర అన్నది తగువుగా మారింది. సైడ్‌కిక్ తానే చివర ఉండాలనేది, తర్వాత వచ్చినవీ అదే పాట పాడేవి. ఆ రోజుల్లో ఈ తగువు తీర్చే పోలీసు మెమరీ కొరతే. ఒక మెగాబైట్ చిరునామాల్లో ప్రోగ్రాములకు దక్కేది 640 కేబీ. డాస్ తన వాటా తను తినేది. పక్కన కూర్చున్న ప్రతి చిన్న ప్రోగ్రామూ మిగిలినదాంట్లోంచి కొరుక్కునేది. 600 కేబీకి దగ్గరగా ఖాళీ అడిగే ఆటలు ఉండేవి. అనవసరమైనది ఒక్కటి ఉన్నా ఆట మొదలయ్యేదే కాదు, కాబట్టి యజమాని జాబితా తెరవక తప్పేది కాదు. 1991లో డాస్ 5 కొన్నిటిని పై మెమరీలోకి నెట్టే వీలు కల్పించింది. 1993లో డాస్ 6 మరో రెండు మీటలు ఇచ్చింది. మెషీన్ లేస్తున్నప్పుడు ఎఫ్5 నొక్కితే రెండు ఫైళ్లనూ పట్టించుకోకుండా ఖాళీగా లేచేది. ఎఫ్8 నొక్కితే ఒక్కో పంక్తి దగ్గరా ఆగి, ఇది నడపనా వద్దా అని అవును కాదు జవాబు అడిగేది.

డాస్ కాలాన్ని స్వర్ణయుగం చేసి చెబుతున్నానన్న అభ్యంతరం ఇక్కడే రావచ్చు. అది సబబైనదే. ఇన్‌స్టాలర్లు అప్పటికే ఆటోఎగ్జెక్ ఫైల్లో చేయి పెట్టడం మొదలుపెట్టాయి. పాత్ పంక్తిని చెడగొట్టిన ఇన్‌స్టాలర్లు, తమ డ్రైవర్ను అందరికంటే పైన దూర్చిన ఇన్‌స్టాలర్లు కొల్లలు. అయినా తేడా ఉంది. అవి రాసినది కూడా యజమాని రోజూ చదవగలిగే అదే ఫైల్లో, అదే భాషలో ఉండేది. ఫైలు మార్చమంటారా, మీరే మార్చుకుంటారా అని చాలావరకు అడిగేవి. మార్చితే పాత ప్రతిని వేరే పేరుతో పక్కన దాచేవి. దొంగ వచ్చినా అడుగుజాడ కనిపించే ఇల్లు అది.

ఆ కనిపించే గుణమే మొదట పోయింది. 1992లో విండోస్ 3.1 స్టార్టప్ అనే గ్రూపు పెట్టింది. అందులో ఏ ఐకాను వేస్తే ఆ ప్రోగ్రాం విండోస్‌తో పాటు లేచేది. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుంటే ఏదీ లేచేది కాదు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ అదే విండోస్‌లో విన్.ఇని ఫైలు లోపల లోడ్, రన్ అనే రెండు పంక్తులు ఉండేవి. వాటి పక్కన పేరు రాసినా ప్రోగ్రాం లేచేది, ఐకాను మాత్రం ఎక్కడా కనబడదు. ఒకే పనికి రెండు చోట్లు, ఒకటి ముందు గదిలో, ఒకటి అటక మీద. 1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చేసరికి అటక పెద్ద గోదాము అయింది. రిజిస్ట్రీ అనే డేటాబేసులో రన్, రన్‌వన్స్, రన్‌సర్వీసెస్ అనే కీలు పెట్టారు, అవి కూడా యూజరు కింద కొన్ని, మొత్తం మెషీన్ కింద కొన్ని. దీనికి ఇంజినీరింగ్ కారణాలు లేకపోలేదు. టెక్స్ట్ ఫైళ్లు 64 కేబీ దాటితే విండోస్ తట్టుకోలేకపోయేది. ప్రతి ప్రోగ్రామూ తన సెట్టింగుల్ని అక్కడే కుక్కేది. ఒకే మెషీన్ మీద ఇద్దరు ముగ్గురు యూజర్లుంటే ఎవరి సెట్టింగు ఏదో తేల్చడం కష్టమయ్యేది. రిజిస్ట్రీ ఆ చిక్కులకు జవాబు. అయితే దాన్ని రాయడానికి ప్రోగ్రాములకు ఒక చిన్న ఫంక్షన్ పిలుపు చాలు, చదవడానికి మనిషికి మాత్రం రెజెడిట్ అనే పనిముట్టు కావాలి. అందులో చేయి పెడితే సిస్టమే లేవకపోవచ్చన్న హెచ్చరికలు దానికి తోడు. విండోస్ 95 ప్రచారానికి స్టార్ట్ మీ అప్ అనే రోలింగ్ స్టోన్స్ పాటను ఎంచుకున్నారు. స్టార్ట్ చేయమని ఆ క్షణాన అడుగుతున్నది ఒక్క విండోసే కాదని పాట కొన్నవాళ్లకు తట్టి ఉండదు.

తాళం తీసి పెట్టాక లోపలికి మొదట నడిచింది దొంగలు కాదు, పెద్దమనుషులే. మైక్రోసాఫ్ట్ ఆఫీసే స్టార్టప్ ఫోల్డర్‌లో ఓఎస్ఏ అనే చిన్న ప్రోగ్రామును పెట్టేది. వర్డ్, ఎక్సెల్‌లకు కావలసిన సరంజామా కొంత ముందే మెమరీలోకి తెచ్చి ఉంచడం దాని పని, అప్పుడు వర్డ్ తెరిస్తే చటుక్కున తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. అడోబీ రీడర్ స్పీడ్ లాంచర్‌ను తెచ్చింది, ఓపెన్‌ఆఫీస్ క్విక్‌స్టార్టర్‌ను తెచ్చింది, క్విక్‌టైమ్, రియల్‌ప్లేయర్ గడియారం పక్కన ఐకాన్లతో స్థిరపడ్డాయి. విడివిడిగా చూస్తే ఏ కంపెనీ లెక్కా తప్పు కాదు. తన ప్రోగ్రాం తెరుచుకోవడానికి పట్టే పది సెకన్లలో ఏడు సెకన్లను బూట్ ఖాతాలోకి తోసేస్తే, నిందపడేది విండోస్ మీద, మెప్పు దక్కేది తనకు. ప్రతి కంపెనీ ఇదే లెక్క వేసుకునేసరికి బూట్ ఖాతా నిండిపోయింది. నెలకోసారి పీడీఎఫ్ తెరిచేవాడు రోజూ ఉదయం దాని బాకీ తీరుస్తూ కూర్చున్నాడు. డాస్ కాలపు పోలీసు కూడా ఉద్యోగం మానేశాడు. మెమరీ కేబీల నుంచి ఎంబీలకు పెరిగింది. ఒక ప్రోగ్రాం అదనంగా కూర్చుంటే ఇంకోటి ఆగిపోదు, అన్నీ కాస్త కాస్త మందగిస్తాయి. అంతే కాబట్టి ఎవరినీ పట్టుకుని అడగడం కుదరదు.

ఆ మొదటి నిమిషం విలువ యజమానులకు తెలియకపోయినా వ్యాపారులకు బాగా తెలుసనడానికి అమెరికా కోర్టు రికార్డే సాక్ష్యం. 1996లో కాంపాక్ కంపెనీ తన కంప్యూటర్ల తెర మీది నుంచి మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఐకాన్లను తీసేస్తే, విండోస్ లైసెన్సే రద్దు చేస్తామని మైక్రోసాఫ్ట్ బెదిరించింది. ఐకాన్లు వెనక్కి వచ్చాయి. అదే ఏడాది నుంచి కంప్యూటర్ తయారీదారుల లైసెన్సుల్లో కొత్త షరతులు చేరాయి. కొత్త మెషీన్ మొదటిసారి లేచే క్రమాన్ని మార్చకూడదు, ఆ క్రమం ముగియగానే దానంతట అది లేచే ప్రోగ్రామేదీ పెట్టకూడదు. అమెరికా ప్రభుత్వం వేసిన దావాలో 1999 నవంబరులో జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ నమోదు చేసిన నిర్ధారణల్లో ఈ షరతుల మీద సుదీర్ఘమైన చర్చ ఉంది. 2001 జూన్‌లో అప్పీలు కోర్టు చాలా షరతుల్ని తప్పుపట్టి, విండోస్ తెరనే కప్పేసే వేరే ఇంటర్‌ఫేసును తనంతట తాను లేపకూడదన్న దాన్ని మాత్రం సమర్థించింది. జులైలో మైక్రోసాఫ్ట్ షరతులు సడలించింది. ఈ కేసును సాధారణంగా బ్రౌజర్ల యుద్ధంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం అందులో ఆసక్తి కలిగించేది మరొకటి. స్విచ్ వేసిన తర్వాతి నిమిషం మైక్రోసాఫ్ట్‌దా, తయారీదారుదా అని రెండు పక్షాలూ ఏళ్ల తరబడి వాదించుకున్నాయి. డబ్బు పెట్టి మెషీన్ కొన్న మనిషి ఆ వాదనలో మూడో పక్షంగా కూడా లేడు. షరతులు సడలాక కొత్త ల్యాప్‌టాపుల్లో ట్రయల్ సాఫ్ట్‌వేర్లు, తయారీదారుల సొంత అప్‌డేటర్లు, గడువు తీరబోతున్నానని వారం వారం మొత్తుకునే యాంటీవైరస్‌లు గుంపులుగా వచ్చాయి. 2008 మార్చిలో సోనీ కొన్ని వయో ల్యాప్‌టాపుల్ని ఆ చెత్త లేకుండా ఇస్తానని, అందుకు దాదాపు 50 డాలర్లు అదనంగా అడిగింది. గగ్గోలు పుట్టాక ఆ రుసుము ఎత్తేసింది. ఖాళీగా లేచే కంప్యూటరుకు ఎక్కువ ధర అన్న లెక్క ఎవరో ఒక గదిలో కూర్చుని నిజంగానే వేశారు.

దొంగలు కూడా ఆ తలుపులోంచే వచ్చారు. చీకటి మూల సంగతి ముందు. 1986లో లాహోర్‌కు చెందిన ఇద్దరు అన్నదమ్ములు రాసిన బ్రెయిన్ వైరస్ ఫ్లాపీ బూట్ సెక్టార్లో కాపురం పెట్టింది. ఆటోఎగ్జెక్ ఫైలు కంటే ముందే లేచేది కాబట్టి ఏ జాబితాలోనూ దాని పేరు ఉండదు. 2000 మేలో ప్రపంచాన్ని చుట్టిన ఐ లవ్ యూ వర్మ్‌కు అంత తెలివి అవసరం పడలేదు. విండోస్ తానే పెట్టిన రన్, రన్‌సర్వీసెస్ కీల్లో, సిస్టం ఫైళ్లలా వినిపించే పేర్లతో రెండు నమోదులు రాసుకుంది, అంతే. క్విక్‌టైమ్ ఏ దారిన వచ్చిందో ఇదీ అదే దారి. పెన్ డ్రైవులు వచ్చాక ఇంకో దారి తెరుచుకుంది. సీడీ పెట్టగానే దానంతట అది నడిచే ఆటోరన్ సౌకర్యం విండోస్ 95 నాటిది. 2008 నవంబరులో పుట్టిన కాన్‌ఫికర్ పెన్ డ్రైవుల్లో ఒక ఆటోరన్ ఫైలు దాచి, ఫైళ్లు చూడటానికి ఫోల్డర్ తెరవండి అన్న మాటతో, పసుపు ఫోల్డర్ బొమ్మతో డైలాగు పెట్టెలో నిలబడేది. దాన్ని నొక్కినవాడు ఫోల్డర్ తెరుస్తున్నాననే అనుకుంటాడు. ఇంటర్నెట్ సెంటర్లూ జిరాక్స్ షాపులూ కాలేజీ ల్యాబులూ ఉన్న మన ఊళ్లలో పెన్ డ్రైవ్ ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు తిరగడమే జీవితం కనుక, ఈ జబ్బు ఇక్కడ ఎలా పాకిందో ఆ రోజుల్లో ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు తీయించుకున్న ప్రతి విద్యార్థికీ తెలుసు. విండోస్ 7తో పెన్ డ్రైవుల ఆటోరన్‌ను మైక్రోసాఫ్ట్ ఆపేసింది. ఎక్స్‌పీ, విస్టాలకు ఆ మార్పు అప్‌డేటుగా 2011 ఫిబ్రవరిలో అందింది. పదహారేళ్లపాటు తెరిచి ఉన్న తలుపు అది.

కొట్టివేసే పనిముట్ల చరిత్ర 1998లో విండోస్ 98తో వచ్చిన ఎమ్ఎస్ కాన్ఫిగ్‌తో మొదలవుతుందని చెప్పొచ్చు. స్టార్టప్ ఫోల్డరు, విన్.ఇని, రన్ కీలు అన్నీ ఒకే జాబితాలో, పక్కన టిక్కులతో కనిపించాయి. టిక్ తీసేసి మళ్లీ ఆన్ చేస్తే ఆ ప్రోగ్రాం లేవదు. సిస్టం లోపాల్ని వెతికే టెక్నీషియన్ కోసం చేసిన పనిముట్టు అది, అందుకే స్టార్ట్ మెనూలో కూడా పైకి కనబడదు. రన్ పెట్టెలో పేరు కొట్టాలి. విండోస్ 2000లో అసలు పెట్టనే లేదు, జనం వేరే విండోస్‌లోంచి ఆ ఫైలును కాపీ చేసి తెచ్చుకుని వాడారు. అంతకంటే లోతైనది మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ నడిపిన సిస్‌ఇంటర్నల్స్ నుంచి వచ్చిన ఆటోరన్స్ ప్రోగ్రాం. మొదటిసారి దాన్ని తెరిచినవాడికి కళ్లు తిరుగుతాయి. లాగిన్, సర్వీసులు, డ్రైవర్లు, షెడ్యూల్ చేసిన పనులు, ఎక్స్‌ప్లోరర్ తగిలింపులు అంటూ ట్యాబు మీద ట్యాబు వస్తుంది. మైక్రోసాఫ్ట్ నమోదుల్ని దాచమన్నాక కూడా వరసలు మిగిలే ఉంటాయి. రెండు టెక్స్ట్ ఫైళ్లలో ఇమిడిన విషయం ఎన్ని చోట్లకు చెదిరిపోయిందో చూపించే భౌగోళిక పటం ఆ ప్రోగ్రాం. 2006లో మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్‌నే కొనేసింది. తన ఇంటి తలుపులెన్నో లెక్కపెట్టినవాణ్ని ఇంటివాడే పనిలో పెట్టుకున్నాడన్నమాట.

అయితే కొట్టివేసే అధికారం చేతికొచ్చినా ఏది కొట్టివేయాలో తెలియాలిగా. తెలుగు రాసేవాళ్లకు ఇది బాగా అనుభవమైంది. విండోస్ ఎక్స్‌పీలో సీటీఎఫ్‌మాన్ అనే ప్రోగ్రాం స్టార్టప్‌లో కనిపించేది. పేరు చూస్తే వైరస్ అనిపిస్తుంది, అనవసరం తీసేయండి అన్న సలహా ఊరూరా తిరిగింది. నిజానికి భాషల పట్టీని నడిపేది అదే. టిక్ తీసేసిన చాలామందికి గడియారం పక్కన ఇంగ్లీషు, తెలుగు మార్చుకునే పట్టీ మాయమైంది, తెలుగు కీబోర్డు ఎక్కడికి పోయిందో తెలియలేదు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. అవసరం లేదని తెలిసి తీసేసినవాళ్ల సిస్టంలో ఆఫీస్ దాన్ని మళ్లీ తెచ్చి పెట్టేది. డీటీపీ సెంటర్లలోనైతే అను స్క్రిప్ట్ మేనేజర్ తెర వెనక నడుస్తుంటే తప్ప పేజ్‌మేకర్‌లో తెలుగక్షరం పడేది కాదు. ఆపరేటరుకు అది రోజూ లేవాల్సిన ప్రోగ్రామే. కావలసినదీ అక్కర్లేనిదీ ఒకే దారిన వచ్చి ఒకే జాబితాలో అర్థంకాని పేర్లతో నిలబడితే మామూలు మనిషి చేయగలిగింది ఫార్మాట్ కొట్టించడమే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి మండల కేంద్రంలోని ఒంటిగది షాపు దాకా ఆ వైద్యం మీద బతికిన మెకానిక్కులు ఎందరో. అన్నీ చెరిపేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం అజ్ఞానమని వెక్కిరించడం సులువు. జాబితాను చదవలేని మనిషికి జాబితానే కాల్చేయడం తప్ప ఇంకే దారి మిగిల్చారు?

మామూలు జనం ఎప్పుడూ ఆటోఎగ్జెక్ రాయలేదు, రాయలేరు, కంపెనీలు వాళ్ల తరఫున రాయడం వల్లే కంప్యూటర్ ఇంటింటికీ చేరింది అనేవాళ్లున్నారు. ఇందులో సగం నిజం. ప్రింటర్ డ్రైవరును ఎవరూ చేత్తో రాసుకోనక్కర్లేదు. కానీ మనిషి తరఫున రాయడానికీ మనిషిని అడగకుండా రాయడానికీ మధ్య బోలెడు జాగా ఉంది. అది అసాధ్యం కాదని ఆపిల్ పాత మాకింటాష్ చూపించింది. అందులో కూడా సిస్టం ఎక్స్‌టెన్షన్లు లేచేవి, ఒకదానితో ఒకటి కొట్లాడుకునేవి, మెషీన్‌ను పడగొట్టేవి. అయితే ఒక్కోటి లేస్తున్నప్పుడు దాని బొమ్మ తెర అడుగున వరసగా వచ్చి నిలబడేది. ఎవరెవరు వచ్చారో యజమాని కళ్లారా చూసేవాడు. 1991లో సిస్టం 7 షిఫ్ట్ మీటతో అన్నిటినీ ఆపే వీలిచ్చింది. 1994లో సిస్టం 7.5 ఎక్స్‌టెన్షన్స్ మేనేజర్‌ను సిస్టంలోనే పెట్టింది. లేస్తుండగా స్పేస్ బార్ నొక్కి పట్టుకుంటే ఆ జాబితా తెరుచుకునేది. కమాండు ఒక్కటీ రాయని మనిషి కూడా దీన్ని వాడగలిగాడు. యాంటీవైరస్ లాంటివి అడగకుండా లేవకపోతే రక్షణ ఎలా అనే మాట కూడా వినిపిస్తుంది. ఒక మంచి ప్రోగ్రాం కోసం తలుపు బార్లా తీసి ఉంచితే ఆ యాంటీవైరస్ పట్టాల్సినవన్నీ ఆ తలుపులోంచే వస్తాయన్నది గడిచిన చరిత్రే చెబుతోంది. ఇక ఎస్ఎస్‌డీలు వచ్చాక ఈ గొడవంతా పాతబడిందన్న వాదన. బూట్ సమయం తగ్గిన మాట నిజమే. కానీ లేచిన ప్రోగ్రాం లేచి ఊరుకోదు. మెమరీలో చోటు, బ్యాటరీలో వాటా, నెట్‌లో రాకపోకలు రోజంతా సాగుతూనే ఉంటాయి. మునుపు ఆలస్యమైనా గుర్తుచేసేది, ఇప్పుడు ఆ నొప్పి కూడా తెలియదు.

2012 అక్టోబరులో విండోస్ 8 ఈ కథలో నిజమైన మలుపు తెచ్చింది, దాని స్టార్ట్ స్క్రీన్‌ను తిట్టడంలో మునిగి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. స్టార్టప్ జాబితా టాస్క్ మేనేజర్‌లోకి వచ్చింది, అంటే జనం హ్యాంగైనప్పుడు ఎలాగూ తెరిచే చోటికి. ప్రతి ప్రోగ్రాం పక్కన దాని ప్రభావం ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని రాసి ఉంటుంది. లేచేటప్పుడు ప్రాసెసర్ సమయం ఒక సెకను దాటినా, డిస్కు మీద 3 ఎంబీ కంటే ఎక్కువ చదివి రాసినా ఎక్కువ కిందికి వస్తుంది. ఎవరి బాకీ ఎంతో మొదటిసారి పేరుపేరునా బయటపడింది. దీనికంటే పెద్ద మార్పు లోపల జరిగింది. విండోస్ 98లో ఎమ్ఎస్ కాన్ఫిగ్ టిక్ తీస్తే ఆ నమోదును రన్ కీలోంచి తీసి పక్కన ఇంకో కీలో దాచేది. రన్ కీలో తన పేరు లేదని చూసిన ప్రోగ్రాం మళ్లీ రాసుకునేది, కథ మొదటికొచ్చేది. విండోస్ 8 నమోదును కదిలించదు. స్టార్టప్ అప్రూవ్డ్ అనే వేరే కీలో ఆ ప్రోగ్రాం పేరు మీద చిన్న బైనరీ విలువ రాస్తుంది. మొదటి బైటు 02 అయితే నడవొచ్చు, 03 అయితే యజమాని వద్దన్నాడు, ఏ తేదీన ఏ వేళకు వద్దన్నాడో కూడా అక్కడే ఉంటుంది. ప్రోగ్రాం రన్ కీలో అదే పేరుతో ఎన్నిసార్లు రాసుకున్నా ఈ వద్దు చెరగదు. రెమ్‌తో పోయిన గుణం పదిహేడేళ్లు తిరిగాక ఇంకో రూపంలో వచ్చింది. పేరు మార్చుకునో, షెడ్యూల్ చేసిన పనిగానో, సర్వీసుగానో తిరిగొచ్చే గడుసు ప్రోగ్రాముల్ని అది ఆపలేదు.

కలం సంగతి మాత్రం ఫోన్లు వచ్చాకే మళ్లీ చర్చకొచ్చింది. 2011లో ఆండ్రాయిడ్ 3.1 ఒక నియమం పెట్టింది. ఇన్‌స్టాల్ చేసిన యాప్‌ను యజమాని ఒక్కసారైనా తన చేత్తో తెరిచేదాకా, ఫోన్ ఆన్ అయిందన్న కబురు దానికి అందదు. బలవంతంగా ఆపేసిన యాప్‌కూ అంతే. ఒకసారి తెరిచాక మాత్రం యాప్ తనంతట తాను లేవొచ్చు, అందుకు కావలసిన అనుమతిని ఆండ్రాయిడ్ యజమానిని అడగకుండానే ఇచ్చేస్తుంది. కొన్ని చైనా కంపెనీలు ఇంకా ముందుకెళ్లి తమ ఫోన్లలో ఆటోస్టార్ట్ అనే మీట పెట్టి, చాలా యాప్‌లకు దాన్ని ఆపి ఉంచాయి. దాంతో మెసేజీలు వేళకు రావడం లేదని, అలారం మోగలేదని జనం విసుక్కున్నారు. అడగకుండా లేపడం ఎంత తప్పో అడగకుండా పడుకోబెట్టడమూ అంతే చిక్కు. 2022లో మ్యాక్ ఓఎస్ వెంచురా, వెనక నడిచేదేదైనా స్టార్టప్‌లో చేరిన క్షణాన తెర మూల ఒక నోటీసు చూపించడం మొదలుపెట్టింది. చేరాక చెప్పడం అది, చేరేముందు అడగడం కాదు.

ముందు అడగడం కూడా విండోస్‌లోనే ఉందన్నది విచిత్రం. విండోస్ 10లో స్టోర్ పద్ధతిలో రాసిన యాప్ స్టార్టప్‌లో చేరాలంటే సిస్టం ద్వారా విన్నవించుకోవాలి. అప్పుడు విండోస్ తానే డైలాగు పెట్టె తెరిచి ఒప్పుకుంటారా అని యజమానిని అడుగుతుంది. వద్దన్నా, తర్వాత టాస్క్ మేనేజర్‌లో ఆపినా, ఆ యాప్ తనంతట తాను మళ్లీ చేరే మార్గం లేదు. యజమానే వెళ్లి మార్చాలి. నలభై ఏళ్లలో డాస్ 6 ఎఫ్8 మీటకు ఇంత దగ్గరగా వచ్చినది ఇంకోటి నాకు కనబడలేదు. కానీ పాత పద్ధతిలో రాసిన డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు ఈ డైలాగు వర్తించదు, మనం రోజూ వాడేవాటిలో ఎక్కువ అవే. ఇరవై ఏళ్లనాటి అకౌంటింగు ప్యాకేజీ, బార్‌కోడ్ స్కానర్ ప్రోగ్రాం రేపు కూడా ఆగకుండా నడవాలన్నది విండోస్ వ్యాపారానికి పునాది కనుక, పాత తలుపు మూయడానికి మైక్రోసాఫ్ట్‌కు చేతులు రావు. విండోస్ 11 కూడా లాగిన్ కాగానే 1995 నాటి రన్ కీని చదువుతుంది. యూజరు కింద ఉన్న ఆ కీలో తన పేరు రాసుకోవడానికి ఏ ప్రోగ్రామైనా అడ్మిన్ అనుమతి కూడా అడగనక్కర్లేదు.